అఆలు దిద్దించే ముందు పిల్లల చెవికి మాటలోని శబ్దాలు అలవాటు చేయడం ఎలా

మొన్నామధ్య మా చిన్నోడి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్తే వాళ్ళ మిస్ ఒక కంప్లయింట్ చెప్పింది, "బస్ అన్న మాటకి బాబు రెండు చప్పట్లు కొడుతున్నాడండీ, ఒకటే కొట్టాలి, ఇంట్లో కొంచెం ప్రాక్టీస్ చేయించండి" అని. నిజం చెప్పాలంటే నాకు కంగారేసింది. ఇంటికొచ్చి వాడి చేత మళ్ళీ కొట్టించా. "బస్... సు" అని రెండు చప్పట్లు కొట్టి, ఏమైంది ఇప్పుడు అన్నట్టు నా మొహంలోకి చూశాడు. అప్పుడు వెలిగింది, మా ఇంట్లో ఎవ్వరం బస్ అనం, బస్సు అంటాం. బస్సు ఎక్కాం, బస్సు దిగాం, బస్సు మిస్సయింది. వాడి చెవి విన్నది విన్నట్టు చెప్తోంది అంతే. పెన్ను, కారు, లైటు, స్కూలు, ఇలా ఇంగ్లీషు మాట ఏదొచ్చినా చివర ఒక అచ్చు తగిలించనిదే మనకి నోరు తిరగదు, ఎందుకంటే మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనో సున్నాతోనో ముగుస్తాయి.

నేను పెళ్ళికి ముందు మూడేళ్ళు ఒక ప్లేస్కూల్లో పనిచేశా, తర్వాత ఇద్దరు పిల్లల్ని పెంచుతున్నా, ఈ విషయం మీద కాస్త చదివా కూడా. అందుకే ఇది రాస్తున్నా. మూడేళ్ళ నుంచి ఆరేడేళ్ళ దాకా పిల్లలున్న ఇంట్లో ఎవరైనా చెయ్యొచ్చు, అమ్మమ్మా తాతయ్యా అయితే ఇంకా బాగా చేస్తారు.

ముందు ఇదేంటో తెలుసుకోండి

ఫోనలాజికల్ అవేర్‌నెస్ అని పెద్ద పేరు పెట్టారు గానీ విషయం చిన్నదే. మాట వినగానే మనకి అర్థం తడుతుంది, కుక్క అనగానే కుక్క కనిపిస్తుంది. ఆ అర్థాన్ని ఒక నిమిషం పక్కన పెట్టి, "కుక్క అనే మాటలో రెండు ముక్కలున్నాయి, రెండోది క తో ముగుస్తోంది, దీనికీ చుక్క అనే మాటకీ పోలిక ఉంది" అని మాటని మాటగా వినగలగడమే ఇది. అక్షరాలతో దీనికి సంబంధం లేదు. రాత్రి కరెంటు పోయి చీకట్లో మంచం మీద పడుకుని కూడా ఆడుకోగలిగితే అది ఇదే, పుస్తకమో పలకో కావాల్సొస్తే అది ఫోనిక్స్, అంటే అక్షరాన్నీ శబ్దాన్నీ జత కలపడం. ఫోనిక్స్ తర్వాత వస్తుంది. చెవిలో ముక్కలు విడిపోని పిల్లాడికి ఫోనిక్స్ చెప్తే పాపం చిలకలాగా అప్పజెప్తాడు, కొత్త మాట కనబడితే నిలబడిపోతాడు.

ఈ స్పృహ మెట్లు మెట్లుగా వస్తుంది. పుట్టిన కొత్తలో పిల్లల చెవి అన్ని భాషలకీ తెరిచే ఉంటుంది. 1984లో కెనడాలో వెర్కర్, టీస్ అనే ఇద్దరు ఇంగ్లీషు ఇళ్ళల్లో పుట్టిన పసిపిల్లలకి హిందీలోని ట కీ త కీ తేడా వినిపించి చూశారు, ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా పట్టేశారు, పది పన్నెండు నెలలొచ్చేసరికి చాలామంది పట్టలేకపోయారు, ఎందుకంటే వాళ్ళింట్లో ఆ తేడా అవసరం లేదు. మన పిల్లలకి పాట వేరు పాత వేరు, రోజూ వింటారు కాబట్టి ఉండిపోతుంది. అయితే వినడం వేరు, విన్నదాని గురించి ఆలోచించడం వేరు. మూడేళ్ళ పిల్ల పిల్లి అంటే పిల్లులు అంటుంది, పులి అంటే పులులు అంటుంది, చివరున్న "ఇ" ని "ఉ" చెయ్యాలని ఎవరూ చెప్పలేదు, నోరే చేసేస్తుంది. అదే పిల్లని "పిల్లులులో ఏం మారింది" అని అడగండి, "చాలా పిల్లులున్నాయి" అంటుంది. ఆ రెండింటి మధ్య దూరం నడిపించడమే మనం చెయ్యబోయే పని.

మొదటి మెట్టు: మాటల్ని విడగొట్టడం, దీనిమీద ఎక్కువ టైం పెట్టొద్దు

ఇంగ్లీషు వీడియోల్లో అన్నిటికంటే ముందు వాక్యంలో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టిస్తారు. మనకి ఇది అంత కుదరదు. "ఇంటికెళ్దాం" ఒకటా రెండా? "ఏంచేస్తున్నావ్" ఎన్ని? మనమే తేల్చుకోలేం, పిల్లాణ్ణి అడిగి ఏం లాభం. "అమ్మ పాలు తెచ్చింది" లాంటి విడివిడి మాటలతో, ఒక్కో మాటకీ ఒక్కో అడుగు వేయిస్తూ ఓ మూడు నాలుగు రోజులు ఆడి వదిలేయండి.

రెండో మెట్టు: చప్పట్లు

అసలు పని ఇక్కడ మొదలవుతుంది, మూడున్నర నాలుగేళ్ళకి మొదలుపెట్టొచ్చు. మాటని ముక్కలుగా పలుకుతూ ముక్కకో చప్పట కొట్టడం, అంతే. ఇంట్లోవాళ్ళ పేర్లతో మొదలుపెట్టండి, పిల్లలకి తమ పేరంటే మోజు. తర్వాత తిండి. ఇడ్-లీ రెండు, దో-స రెండు, పు-లి-హో-ర నాలుగు, పె-స-రట్-టు నాలుగు. టిఫిన్ ప్లేట్లో పెట్టేముందు "ఎన్ని చప్పట్లో చెప్తేనే" అంటే చాలు, రోజుకి మూడు పూటలా ప్రాక్టీస్ అయిపోతుంది.

చప్పట్లు తడబడుతుంటే గడ్డం కింద చెయ్యి పెట్టించండి. ఒక్కో ముక్కకీ దవడ ఒక్కోసారి కిందకి దిగుతుంది, అది చేతికి తెలుస్తుంది. పెసరట్టు అంటూ మీరే ఒకసారి పెట్టుకు చూడండి, ఎవరూ చూడటం లేదుగా.

ఇక్కడ పెద్దవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. అమ్మ అనే మాటని రాసేటప్పుడు అ, మ్మ అని రెండక్షరాలు. నోటితో విడగొడితే అమ్, మ అని వస్తుంది. పిల్లాడు అమ్-మ అని కొట్టగానే "కాదు కన్నా, అ... మ్మ" అని సరిదిద్దేస్తాం, మనకి రాత తెలుసు కాబట్టి మన చెవి కూడా రాతనే వింటుంది. సరిదిద్దకండి. ఎలా విడగొట్టినా చప్పట్లు రెండే, అమ్మమ్మకి మూడే, తాతయ్యకి మూడే. ఒత్తులు నేర్చుకున్న రోజున వాడే రాత పద్ధతికి మారతాడు.

ఇంకో తమాషా ఆట. "రైలు పొడుగా, సీతాకోకచిలుక పొడుగా?" అని అడగండి. నాలుగేళ్ళ పిల్లలు కళ్ళు మూసుకుని రైలు అంటారు. "రైలు బండి కాదు, రైలు అనే మాట, చప్పట్లు కొట్టి చూద్దాం" అనండి. రై-లు, రెండు. సీ-తా-కో-క-చి-లు-క, ఏడు! మా పెద్దమ్మాయి అప్పట్లో దీనికి ఒప్పుకోక ఏడ్చినంత పని చేసింది, "రైలే పెద్దది, నేను ఎక్కాను" అని. నెల తర్వాత తనే వచ్చి "అమ్మా, ఏనుగు కంటే కూడా సీతాకోకచిలుకే పొడుగు" అని చెప్పింది, అంటే అర్థాన్ని పక్కన పెట్టి మాటని వినడం మొదలైందన్నమాట. ఏనుగు, చీమలతో కూడా ఇది ఆడొచ్చు. దీన్ని తొందరపెట్టకండి, ఒక్కో పిల్లకి ఒక్కో రోజున వెలుగుతుంది.

చప్పట్లు బాగా వచ్చాక తీసెయ్యడం, అతికించడం. "బెండకాయలో కాయ తీసేస్తే?" బెండ. "వంకాయలో వం తీసేస్తే?" కాయ. "గులాబీలో గు మింగేస్తే?" లాబీ. ముందు అర్థం ఉన్న ముక్కలు తీయించండి, అవి సులువు, తర్వాత అర్థం లేని ముక్కలు. అతికించడానికి మీరు రోబోలాగా "టి... ఫి... ను" అనండి, వాళ్ళు మాట కలిపి చెప్పాలి. రోబో గొంతు పెడితే ఎన్నిసార్లయినా ఆడతారు, మీ గొంతు పోతుంది గానీ వాళ్ళకి విసుగు రాదు.

మూడో మెట్టు: పిల్లి, బల్లి, తల్లి

ప్రాస. ఇంగ్లీషులో క్యాట్, బ్యాట్, హ్యాట్ అని పాడిస్తారు కదా, మన భాషలో కూడా అది చెయ్యొచ్చు గానీ ఒక జాగ్రత్త. వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు, ఇవన్నీ చివర ఒకేలా ఉంటాయి, అది మన వ్యాకరణం పెట్టిన తోక, చెవికి పెద్ద పనేం ఉండదు. చెవికి పని పడాలంటే మొదటి ముక్క మాత్రమే మారి మిగతాది అలాగే ఉండే మాటలు కావాలి. పిల్లి, బల్లి, తల్లి, మల్లి. గోడ, మేడ. అన్నం, సున్నం. బొమ్మ, కొమ్మ, దొమ్మ... దొమ్మ అంటే ఏం లేదు, ఉండక్కర్లేదు కూడా. పిల్లలు అర్థం లేని మాట కనిపెడితే చప్పట్లు కొట్టి మెచ్చుకోండి, నిజానికి అర్థం లేని మాట పుట్టించడమే గొప్ప, అది పూర్తిగా చెవితో చేసిన పని.

మన పద్యాల్లో ప్రాస అనేది ఎక్కడుంటుందో గుర్తుందా? కందంలో, ఉత్పలమాలలో ప్రతి పాదంలోనూ రెండో అక్షరంలో అదే హల్లు రావాలి. మొదటి అక్షరంలో హల్లు ఏదైనా కావచ్చు. పిల్లి, బల్లి, తల్లి వరసలో నిలబడ్డట్టే ఉంటుంది అది. అంచేత తాతయ్యలు పద్యాలు వల్లె వేయిస్తే పిల్లలకి అర్థం కాదు, దండగ అనుకోకండి, చెవికి మాత్రం బాగానే అందుతుంది. చెమ్మచెక్క, కాళ్ళాగజ్జ లాంటి ఆటలూ అంతే, పాటలోని ముక్కకీ చేతి దెబ్బకీ జత కుదిరిపోతుంది అందులో.

పాడుతూ పాడుతూ చివరి మాట దగ్గర ఆగిపోండి, వాళ్ళు పూర్తి చేస్తారు. తర్వాత కావాలని తప్పు మాట పెట్టండి. తప్పు పట్టుకోవడంలో ఉన్న ఆనందం పిల్లలకి ఇంకెందులోనూ ఉండదు.

నాలుగో మెట్టు: పప్పు గిప్పు

ఇది ఇంగ్లీషు వీడియోల్లో దొరకదు, మనదే. "పాలు గీలు ఏమన్నా ఉన్నాయా", "డబ్బులు గిబ్బులు అడక్కు", "పాము గీము వస్తుంది జాగ్రత్త" అంటాం కదా రోజూ. ఒకసారి ఆగి వినండి ఏం జరుగుతోందో. మాటలో మొదటి ముక్క ఎగిరిపోయి దాని స్థానంలో గి వస్తోంది, మిగతాది అలాగే ఉంటోంది. అదొక్కటే కాదు, మొదటి ముక్క పొట్టిదైతే గి, పొడుగుదైతే గీ. పులి గిలి, పప్పు గిప్పు, పాలు గీలు, కారు గీరు, కాఫీ గీఫీ. పొట్టి పొడుగుల తేడా మనకి తెలియకుండానే పాటిస్తున్నాం. ఇంగ్లీషు పిల్లలకి టీచర్లు కూర్చోబెట్టి నేర్పే తీసెయ్యడం, మార్చడం మన పిల్లలు వంటింట్లో వినే నేర్చేసుకుంటారు.

అందుకని దీన్ని ఆటగా చెయ్యండి. సంచిలోంచి కూరగాయలు ఒక్కొక్కటి తీస్తూ మీరు "టమాటా" అంటే వాళ్ళు "గిమాటా" అనాలి. బీరకాయ గీరకాయ, దొండకాయ గిండకాయ, ఉల్లిపాయ గిల్లిపాయ. నాలుగున్నరేళ్ళకి చాలామంది పిల్లలు లాగించేస్తారు. పొడుగు ముక్క దగ్గర గి అనేస్తే మీరు ఇంకోసారి సరిగ్గా అని ముందుకెళ్ళిపోండి, పాఠం పెట్టకండి. మా వాడు ఒకరోజు స్పీడు మీద ఉండి గిన్నె దగ్గరికొచ్చి "గిన్నె... గిన్నె..." అని ఆగిపోయాడు. రెండు సెకన్లు ఆలోచించి "అమ్మా ఇది చెడిపోయింది" అన్నాడు. ఆ రోజు పప్పు మాడింది గానీ నాకు బాధలేదు, ఎందుకంటే గిన్నె మొదట్లోనే గి ఉందని వాడికి వినబడింది, ఎవరూ చెప్పలేదు.

ఐదో మెట్టు: మొదట్లో ఏముంది

"ఈ వంటింట్లో చ తో మొదలయ్యేది ఏదో ఉంది, కనుక్కో." ఐదేళ్ళ దగ్గరలో ఆడండి ఇది. ఇక్కడ ఒక గొడవ తప్పకుండా వస్తుంది. చక్కెర, చపాతీ అన్నాక మీరు చెంచా చూపిస్తే పిల్ల ఒప్పుకోదు, "అది చ కాదు, చె" అంటుంది. తను చెప్పింది కరెక్టే. తన చెవిలో చ ఒక ముక్క, చె ఇంకో ముక్క, రెండింటిలోనూ చ్ అనే శబ్దం దాక్కుని ఉందని ఇంకా తెలియదు. కాబట్టి మొదట్లో అచ్చంగా ఒకే అక్షరం ఉన్నవే అడగండి, పప్పు, పలక, పడవ. కొన్ని వారాలయ్యాక పప్పు, పాలు కలపండి. ఇంకొన్నాళ్ళకి పిల్లి, పూరీ, పేపరు కూడా ఆ జట్టులోకి తెండి, "వీటన్నిటికీ పెదాలు ఎలా కలుస్తున్నాయో అద్దంలో చూడు" అనండి. ప, బ, మ లకి అద్దం బాగా పనిచేస్తుంది, క, గ లకి లోపల గొంతు దగ్గర కదా, ఏమీ కనబడదు, అవి తర్వాత.

పిల్లల పేరు మొదటి అక్షరంతో జట్టు కట్టించడం, నాలుగు బొమ్మలు పెట్టి వాటిలో కలవనిది తీయించడం కూడా ఇక్కడే. 1983లో ఆక్స్‌ఫర్డ్‌లో బ్రాడ్లీ, బ్రయంట్ అనే వాళ్ళు సరిగ్గా ఇలాంటి ఆటే ఆడించారు. శబ్దాల్ని బట్టి మాటల్ని జట్లు కట్టడం నేర్చిన పిల్లలు తర్వాత చదవడంలో ముందున్నారని చూపించారు, ఆ శబ్దాలకి ప్లాస్టిక్ అక్షరాలు కూడా జత చేసిన పిల్లలు ఇంకా బాగా చేశారు. అందుకని ఈ దశకొచ్చాక అక్షరాలు చూపించడం మొదలుపెట్టొచ్చు, ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం అక్షరాలు దొరుకుతాయి కదా తెలుగులో, అవి చాలు. అప్పటిదాకా పలక బయటికి తీయకపోయినా కొంప మునగదు.

ఆరో మెట్టు: క భాష

మన చిన్నప్పుడు పెద్దవాళ్ళకి అర్థం కాకూడదని మాట్లాడుకునేవాళ్ళం గుర్తుందా, ప్రతి అక్షరానికీ ముందు క తగిలించి. నువ్వు రా అనడానికి "కనుకవ్వు కరా". మా వీధిలో వేసవి సెలవులంతా ఇదే గోల, కొందరు క బదులు చ పెట్టేవాళ్ళు. ఇది మాట్లాడాలంటే మాటని అక్షరాలుగా కోసుకోవాలి, ఒక్కోదానికీ ముక్క అతికించాలి, మళ్ళీ స్పీడుగా పలకాలి, ఎదుటివాడు దాన్ని ఊడదీసి అర్థం చేసుకోవాలి. ఆరేళ్ళొచ్చిన పిల్లలకి నేర్పండి, ముందు రెండక్షరాల మాటలు, కపాకలు, కబకడి, తర్వాత పెద్దవి. అక్కా తమ్ముళ్ళు గదిలో కూర్చుని దీంట్లో మీ మీద చాడీలు చెప్పుకుంటుంటే వినబడనట్టు ఊరుకోండి, మంచి వ్యాయామం అది.

ఏడో మెట్టు: అక్షరం లోపలికి

ఇదే కష్టమైనది, ఇక్కడే స్కూళ్ళకీ ఇళ్ళకీ గొడవ. క అనే అక్షరంలో క్ ఉంది, అ ఉంది. ఇలా అక్షరం కంటే చిన్న ముక్కని వినడాన్నే ఫోనీమిక్ అవేర్‌నెస్ అంటారు. 1974లో అమెరికాలో ఇసబెల్ లిబర్‌మన్ వాళ్ళు పిల్లలకి ఒక చిన్న కర్రపుల్ల ఇచ్చి మాటలోని ముక్కకో దెబ్బ బల్లమీద కొట్టమన్నారు. నాలుగేళ్ళ పిల్లల్లో దగ్గరదగ్గర సగం మంది పెద్ద ముక్కలు, అంటే మన చప్పట్ల ముక్కలు, కొట్టగలిగారు, చిన్న శబ్దాలు మాత్రం ఒక్కరు కూడా కొట్టలేకపోయారు. ఐదేళ్ళ వాళ్ళలో చిన్న శబ్దాలు 17 శాతం మంది. ఒకటో తరగతి చివరికి, ఆరేళ్ళ వాళ్ళలో, పెద్ద ముక్కలు 90 శాతం, చిన్నవి 70 శాతం. మధ్యలో జరిగిందేంటి? చదవడం మొదలుపెట్టారు.

చదువుకీ దీనికీ అంత లింకు ఉంది. 1979లో పోర్చుగల్‌లో మొరైస్ బృందం అసలు చదువురాని పెద్దవాళ్ళని పరీక్షిస్తే మాట మొదట్లో ఒక్క శబ్దం తీసెయ్యమన్నా, కలపమన్నా చాలామందికి రాలేదు, పెద్దయ్యాక చదువుకున్నవాళ్ళు చేశారు. అంటే వయసొస్తే దానంతటది వచ్చేది కాదు ఇది, అక్షరాలే ఆ శబ్దాన్ని విడదీసి చూపిస్తాయి. మరి మన అక్షరాలు క్ ని విడిగా చూపించవు కదా, క అని కలిపే చూపిస్తాయి. అందుకే మన లిపికి దగ్గరగా ఉండే కన్నడంలో సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశీలనలో కూడా పిల్లలకి అక్షరం సైజు ముక్కలు ముందే వచ్చేశాయి, చిన్న శబ్దాల స్పృహ మాత్రం నెమ్మదిగా వచ్చింది. కాబట్టి ఎల్‌కేజీ పిల్లాడు క్యాట్ అనే మాటని "క్, ఆ, ట్" అని విడగొట్టలేకపోతే వాడికి బుర్ర లేదని కాదు, వాడు నిలబడ్డ మెట్టు వేరు. ఇంగ్లీషు మీడియంలో ఆ శబ్దాలు ఎలాగూ త్వరగా అడుగుతారు, అడగనీయండి, మీరు మాత్రం ఇంట్లో తెలుగు మెట్ల మీదే నడిపించండి. ఒక భాషలో చెవి పదునెక్కితే రెండో భాషకి కూడా పనికొస్తుంది, డల్లాస్‌లో ఉన్న మా చెల్లి పిల్లలకి కూడా నేను ఇదే చెప్పా.

ఐదున్నర ఆరేళ్ళకి ఈ మూడు ఆటలు ఆడించండి.

పొట్టి పొడుగు. "పడు" అంటే పడిపోవాలి, "పాడు" అంటే పాట అందుకోవాలి. "మెడ" అంటే మెడ పట్టుకోవాలి, "మేడ" అంటే పైకి చూపించాలి. గబగబా మార్చి మార్చి అంటుంటే ఇల్లంతా నవ్వులే. పొడుగ్గా అన్నప్పుడు రబ్బరు బ్యాండు సాగదీయించండి.

మెత్తగా, ఒత్తి. గద, గద్ద. మొగ, మొగ్గ. ఒత్తు ఉన్నచోట నోరు ఒక క్షణం ఆగుతుంది, ఆ ఆగడం గమనించమనండి. రాతలో ఒత్తులు మర్చిపోయే పిల్లల్లో చాలామందికి చెవిలో ఇది గట్టిపడి ఉండదు, ఇంపోజిషన్ రాయిస్తే పోయేది కాదు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది, గుణింతం ఆట. క కా కి కీ అని రాగం తీసి వల్లె వేయించడం మన పాత పద్ధతి, చాలామంది ఇప్పుడు దాన్ని తీసిపారేస్తున్నారు గానీ నా మటుకు నాకు అది బంగారం. హల్లు కదలకుండా ఉండి అచ్చు ఒక్కటే మారుతుంటే చెవికి ఆ రెండూ వేరని తెలుస్తుంది. కాకపోతే అర్థం తెలియకుండా అప్పజెప్పిస్తే లాభం లేదు. ఇలా చెయ్యండి, ఒక వాక్యం తీసుకుని అచ్చులన్నీ "ఇ" చేసెయ్యండి. అమ్మ అన్నం పెట్టు, "ఇమ్మి ఇన్నిం పిట్టి". నాన్న అయితే "నీన్ని". అన్నీ "ఉ" చేస్తే "ఉమ్ము ఉన్నుం పుట్టు". మా ఇంట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనమంతా ఇ భాషలో నడిచింది, మా అత్తయ్య "నీకేమైనా పిచ్చి పట్టిందా" అని అడిగి చివరికి ఆవిడే "మిజ్జిగి" కావాలంది. ఇది చెయ్యగలిగిన పిల్ల అక్షరం లోపలికి వెళ్ళిపోయినట్టే, ఇక క్, అ అని విడిగా చెప్పించడం పెద్ద విషయం కాదు.

ఎంతసేపు, ఎప్పుడు

రోజుకి ఐదు నిమిషాలు, మహా అయితే పది. కూర్చోబెట్టొద్దు. బండి మీద స్కూలుకి వెళ్ళేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు, దోస పెనం మీద ఉన్నప్పుడు. మీ ఇంట్లో మాట్లాడే తెలుగులోనే ఆడండి, మీరు వస్తున్నడు అన్నా, వస్తున్నాడు అన్నా, వత్తన్నాడు అన్నా పిల్లల చెవికి తెలిసింది అదే, పుస్తకం భాష కోసం మార్చొద్దు. ఒక మెట్టు పూర్తిగా అయ్యాకే ఇంకోటి అని పట్టుబట్టక్కర్లేదు, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి జారిపోతూ ఉంటారు. నాలుగు రోజులు ముఖం తిప్పుకుంటే వదిలేసి రెండు వారాల తర్వాత మళ్ళీ మొదలుపెట్టండి.

పలకడం, వినడం రెండూ ఒకటి కాదని గుర్తుపెట్టుకోండి. నాలుగేళ్ళ పిల్ల రైలుని లైలు అంటుంది, ర చాలామందికి ఆలస్యంగానే వస్తుంది. మీరు కావాలని "లైలు" అంటే "లైలు కాదు, లైలు!" అని కోప్పడుతుందా? అయితే చెవి బాగానే ఉంది, నాలుక ఇంకా అందుకోలేదు అంతే.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికెళ్ళాలి

ఐదేళ్ళు దాటినా, కొన్ని నెలలు ఆడించినా చప్పట్లు అసలు కుదరకపోవడం, పిల్లి బల్లి పోలిక ఎన్నిసార్లు విన్నా పట్టకపోవడం, బయటివాళ్ళకి మాట అర్థం కాకపోవడం, టీవీ సౌండు బాగా పెంచుకోవడం, తరచూ చెవి నొప్పి చీము, ఇంట్లో ఎవరికైనా చదవడంలో ఇబ్బంది ఉండటం, వీటిలో ఏవున్నా ముందు చెవి టెస్ట్ చేయించండి. జలుబు చేసి చెవిలో నీరు చేరిన పిల్లలకి శబ్దాలు నీళ్ళలోంచి విన్నట్టు వినిపిస్తాయి, మనం మాట వినడం లేదని తిడుతుంటాం. ఆ తర్వాత స్పీచ్ థెరపిస్ట్. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ, అంటే డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ అనేవి పెట్టారు, అక్కడ పిల్లల్ని చూస్తారు, ముందు అక్కడ అడగండి. మైసూరులో 1965లో పెట్టిన ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ కూడా ఉంది, దూరమైనా చాలామంది వెళ్తుంటారు. పెద్దయితే అదే వస్తుందిలే అని రెండో తరగతి దాకా ఆగొద్దు.

ఇక మా బస్సు సంగతి. మిస్‌తో నేను వాదన పెట్టుకోలేదు, పిల్లాడికే చెప్పా, "నాన్నా, మనింట్లో బస్సు, మిస్ దగ్గర బస్, ఆవిడ చివర్లో నోరు మూసేస్తుంది, మనం మూయం, రెండూ విని చూడు" అని. నాలుగు రోజులు బస్సు బస్, పెన్ను పెన్, లైటు లైట్ అని మార్చి మార్చి చప్పట్లు కొట్టుకున్నాం. నిన్న సాయంత్రం ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఊరికే అడిగా, "కారుకి ఎన్ని చప్పట్లు రా?" అని. వెనక సీట్లోంచి వెంటనే వచ్చింది జవాబు, "ఎవరి కారు? మనదా, మిస్‌దా?"